సెలెక్ట్ అయ్యాను మావా!

కవిటి

ఒరేయ్ మావా,

హైదరాబాద్‌లో ఎలా ఉన్నావ్? ఫోన్లో రెండు ముక్కలు చెబితే నాకు తనివి తీరదు, అందుకే ఉత్తరం. విద్యార్థి నాయకుల వేసవి శిబిరానికి సెలెక్ట్ అయ్యాను రా! అమ్మ పనసకాయ కూర వండి, వీధి వీధంతా చెప్పేసింది.

శిబిరం విజయవాడలో. అక్కడ మాదిరి అసెంబ్లీ నడుపుతారు. స్పీకరు, మంత్రులు, ప్రతిపక్షం అన్నీ మేమే. ఇంటర్వ్యూలో "ఏ పదవి కావాలి?" అని అడిగారు. చాలామంది ముఖ్యమంత్రి అన్నారట. నాకు మాత్రం ప్రతిపక్షంలో ఆఖరి బెంచీ ఇచ్చినా చాలు, ప్రశ్నోత్తరాల్లో మాట్లాడాలని ఉందని చెప్పాను. పార్లమెంటులో నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు పట్టుకుని అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వెయ్యొచ్చు. గుర్తు లేనిదానికైతే రాతపూర్వకంగా జవాబిస్తారు, అంతే. అసలు బలమంతా ఆ అనుబంధ ప్రశ్నలోనే ఉంది మావా!

మన ఉద్దానం సంగతే చూడు. ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం ప్రారంభించారు. అది చిన్న పని కాదు, ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాను. కానీ "ఎంత ఖర్చు పెట్టారు?" అంటే ఒక అంకె చెప్పి కూర్చోవచ్చు. "ఏ ఊళ్లో చివరి కుళాయికి నీళ్లు రావడం లేదు?" అంటే ఊరి పేరు చెప్పక తప్పదు. పెదనాన్న డయాలసిస్‌కి బస్సెక్కిన ప్రతిసారీ నాకు ఇలాంటి ప్రశ్నలే తిరుగుతుంటాయి.

నాన్న మొదట "రాజకీయాలు మనకెందుకురా" అన్నాడు. 21 నిండితే పంచాయతీ వార్డుకి నిలబడొచ్చు నాన్నా, ఇంకా రెండేళ్లే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తెల్ల చొక్కాలు రెండు కుట్టించుకో" అన్నాడు. ఆ మాటకి నాకు ఎంత సంతోషమేసిందో!

ఇప్పుడు నీతో పని. మీ అమ్మగారు ఆశా కార్యకర్త కదా, ఇంటింటి సంగతీ ఆవిడకి తెలుసు. ఈ ఆదివారం ఆవిడ దగ్గర కూర్చుని ప్రశ్నలు రాసుకుంటాను. అవి పంపిస్తే నువ్వు దిద్దాలి. తప్పించుకోవడానికి సందు లేకుండా, ఒక్కో ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి. స్కూల్లో డిబేట్లకి నువ్వు రాసిచ్చినట్టు ఇంకెవరూ రాయలేరు. వెంటనే జవాబు రాయి.

నీ కోసం ఎదురు చూసే
మావ