జాన్ వింటర్ వాళ్ళమ్మ సంగతి

చిరంజీవి కిరణ్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, అయినా చెప్పిన మాట వినకుండా డాబా మెట్లు ఎక్కుతూనే ఉంది. బుజ్జి సీమంతం మాఘమాసంలో అనుకుంటున్నారు. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అంటావేమో. ఫోన్‌లో నువ్వు "బాగానే ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తున్నావు, మళ్ళీ చేయడం లేదు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు కదా.

మొన్న పెద్దమామయ్య రాజా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మాట్లాడుతూ నీ గురించి ఏదో అన్నాడు. సరేలే, వాడి మాటలు మనకు కొత్తా. ఆ విషయం రాయడానికి కూర్చోలేదు నేను.

షెడ్డు పనంతా సుబ్బయ్యే చూసుకుంటున్నాడు కాబట్టి నాకు బోలెడు తీరిక. ఈ మధ్య యోస్ట్ రేసింగ్ అనే జర్మనీ కార్ల రేసు టీం చరిత్ర చదువుతున్నాను. వాళ్ళ షెడ్డు వాల్డ్ మిచెల్‌బాఖ్ అనే ఊళ్ళో, కొండల మధ్య. మ్యాప్‌లో చూస్తే మీ మాన్‌హైమ్‌కు దగ్గరే. ఎప్పుడైనా వెళ్ళావా? ఊరికే అడిగాను.

టీం పెట్టిన రైన్‌హోల్డ్ యోస్ట్ మొదట డ్రైవరే. 1980లో జాకీ ఇక్స్ అనే ఇంకో డ్రైవరుతో కలిసి, ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో రెండో స్థానం తెచ్చుకున్నాడు. తర్వాత స్టీరింగ్ వదిలి సొంత టీం మీద కూర్చున్నాడు. 1984లో ఆయన టీం దించిన పోర్షే 956 కారు లె మాన్ గెలిచింది. ఆ ఏడాది పోర్షే కంపెనీ తన సొంత కార్లు దించలేదు కాబట్టి గెలిచాడులే అన్నవాళ్ళున్నారు. 1985లో కంపెనీ కొత్త కార్లతో వచ్చింది. ఈయన మాత్రం నిరుటి కారే, అదే చాసిస్, అదే 7వ నంబరుతో మళ్ళీ దించి అందరినీ కొట్టాడు. రేసు మొత్తానికి ఒక్కో కారుకు 2,210 లీటర్ల పెట్రోలే ఇచ్చారట. వీళ్ళు తిరిగింది 5 వేల కిలోమీటర్ల పైచిలుకు. లెక్కేశాను, లీటరుకు రెండున్నర కూడా రాదు. ఆ మైలేజీకి మన దగ్గరైతే ఓనరు బండి తాళాలు మన మొహాన కొడతాడు. కానీ అక్కడ దాన్ని కూడా పొదుపుగా తోలి గెలవడమే గొప్ప. ముందు పోయే కారు వెనకాల గాలి తగలకుండా నక్కి పెట్రోలు మిగుల్చుకున్నారట.

అసలు చెప్పాలనుకున్నది ఆ 1985 కారు తోలిన ముగ్గురి గురించి. క్లాస్ లుడ్విగ్, పావోలో బరిల్లా, మూడో అతను జాన్ వింటర్. పేరు చూసి ఇంగ్లీషువాడనుకున్నాను. కాదు, అసలు పేరు లూయిస్ క్రాగెస్, బ్రెమెన్‌లో కలప వ్యాపారం చేసే కుటుంబం. రేసులంటే ఇంట్లో ఒప్పుకోరు. ముఖ్యంగా తల్లికి తెలియకూడదని దొంగపేరు పెట్టుకుని తోలేవాడు. పెద్దవాడే, వ్యాపారం చూసుకునేవాడే, అయినా అమ్మంటే భయం. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. తీరా లె మాన్ గెలిచాక పేపర్లలో ఫోటో పడింది. కప్పు పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఏ పేరుతో పిలిస్తే ఏం, కన్నతల్లి గుర్తుపట్టదా? అలా తెలిసింది ఆవిడకు. కొడుకు ప్రపంచంలోకెల్లా పెద్ద రేసు గెలిచాడని ఊరంతా చెప్పుకునేటప్పుడు, ఆవిడకు ముందు గుర్తొచ్చింది గెలుపా, ఇన్నేళ్ళు దాచాడన్న సంగతా? ఎక్కడా రాయలేదు. మీ అమ్మ అయితే ఏదో నాకు తెలుసు. నీకూ తెలుసు. తర్వాత 1994లో బెర్లిన్ ఆవుస్ ట్రాక్ మీద అతని కారు గుద్దుకుని మంటలంటుకుంది. ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ వీడియో మాత్రం అమ్మ కంట పడకుండా చూస్తున్నాను.

ఉద్యోగం అంటే ఏదో ఒకటే పట్టుకుని వేలాడాలని నేననను. నేను గుమాస్తాగిరీ మానేసి పానా పట్టుకున్నవాణ్ణే. కానీ మానేసేటప్పుడు మా నాన్నకు ముందు చెప్పాను, తిట్లు తిన్నాను, తర్వాతే ఆటోనగర్ వచ్చాను. వీసా కాగితాలు ఏ కంపెనీ పేరు మీద ఉన్నాయి, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ఇవి చూసుకోకుండా దూకకూడదు. రేసులు వారాంతాల్లోనేగా, మిగతా రోజులు జీతం ఎవరిస్తారు? లెక్చరు అనుకోకు, అడుగుతున్నాను.

యోస్ట్ వాళ్ళ పనితనం చూస్తే మాత్రం ముచ్చటేసింది. జాగ్వార్ చాసిస్ పైకప్పు కోసి, పోర్షే ఇంజిన్ బిగించిన బండి ఒకటుంటే పోర్షే కంపెనీ వద్దని పక్కన పడేసింది, 1996లో వీళ్ళు దాంతోనే పోర్షే కొత్త కార్లను ఓడించారు. 1997లో మళ్ళీ అదే బండి. 2000లో ఆడి కంపెనీకి వీళ్ళు నడిపిన ఆర్8 కారులో గేర్‌బాక్స్ పాడైతే విప్పి బాగుచేసేవాళ్ళు కాదు. వెనక సస్పెన్షన్‌తో సహా మొత్తం ఊడబీకి సిద్ధంగా ఉంచిన ఇంకోటి తగిలించేవాళ్ళు. పది నిమిషాలు కూడా పట్టేది కాదు. మన దగ్గర లారీ గేర్‌బాక్స్ దింపడానికే పూట పడుతుంది. సుబ్బయ్యకు వీడియో చూపిస్తే నమ్మలేదు, ఎడిటింగ్ అన్నాడు. మిగతా టీంలు గోలపెడితే తర్వాత రూలే మార్చారు, గేర్‌బాక్స్ డబ్బా మార్చకూడదని. 2006లో డీజిల్ కారుతో లె మాన్ మొదటిసారి గెలిచింది కూడా వీళ్ళే. డీజిల్‌ను చిన్నచూపు చూసేవాడివి, గుర్తుందా?

2011 లె మాన్‌లో వీళ్ళ మూడు కార్లలో రెండు రేసు మధ్యలో నుజ్జయ్యాయి. వాటిని తోలుతున్న మెక్‌నిష్, రాకెన్‌ఫెల్లర్ ఇద్దరూ బతికి బయటపడ్డారు. మిగిలిన ఒక్క కారు 24 గంటల తర్వాత 14 సెకన్ల లోపు తేడాతో గెలిచింది. ఎగిరిపడిన ముక్కలు ఫోటోలు తీసేవాళ్ళ దగ్గరిదాకా వెళ్ళాయి. నువ్వు పిట్‌లో, అదే రేసు మధ్యలో కార్లు ఆపి బాగుచేసే చోట, ఉంటావా, గోడ పక్కన ఉంటావా, అదొక్కటి రాయి. ఉంటేనే సుమా.

రాజా చెప్పినది అమ్మకు ఇంకా చెప్పలేదు. వాడు ఫోటో కూడా పంపాడు, ఓవరాల్ వేసుకుని హెల్మెట్ చంకన పెట్టుకున్నావు. చిక్కిపోయావు. ఆదివారం ఫోన్ చేస్తే అమ్మే ఎత్తుతుంది, నేను బజారుకు వెళ్తాను. నువ్వే చెప్పుకో.

ఇంకోటి. బండి అప్పుడే ఆగినప్పుడు గేర్‌బాక్స్ మీద వట్టి చేయి పెట్టకు, చర్మం ఊడొస్తుంది. గ్లౌజులు ఇస్తారా, కొనుక్కోవాలా? కొనుక్కోవాలంటే చెప్పు, డబ్బు పంపిస్తాను.

నాన్న