అక్టోబరు నడక: బ్రాన్ నది ఒడ్డున హెర్మిటేజ్ అడవికి

మాన్యులైన తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

అక్టోబరు రెండో ఆదివారం మన తెలుగు బడి తరగతి గదిలో జరగదు. ఆ రోజు పిల్లలందరినీ పెర్త్‌షైర్‌లో డన్‌కెల్డ్ ఊరి పక్కన, బ్రాన్ నది ఒడ్డున ఉన్న హెర్మిటేజ్ అడవికి తీసుకువెళ్లాలని ఉపాధ్యాయులందరం కలిసి నిర్ణయించాం. మన పిల్లలు పండుగల గురించి, వంటల గురించి, ఊళ్లో ఉన్న బంధువుల గురించి తెలుగులో చక్కగానే మాట్లాడుతున్నారు. కానీ తాము పెరుగుతున్న ఈ స్కాట్లండ్ నేల గురించి, ఇక్కడి చెట్ల గురించి, నదుల గురించి చెప్పవలసి వచ్చేసరికి వెంటనే ఇంగ్లీషులోకి వెళ్లిపోతున్నారు. ఇది వాళ్ల లోపం కాదు. ఈ సంగతులను తెలుగులో వాళ్లతో ముచ్చటించినవాళ్లు లేరు, అంతే. ఆ కొరతను కొంతైనా తీర్చాలన్నదే ఈ నడక ఉద్దేశం.

హెర్మిటేజ్ ఒకప్పుడు అథోల్ డ్యూకుల ఎస్టేటులో భాగం. 18వ శతాబ్దంలో వాళ్లు తమ అతిథులు షికారు చేయడానికి ఈ నది వెంట దారులు వేయించి, 1757లో జలపాతానికి ఎదురుగా ఒక చిన్న విహార మందిరం కట్టించారు. ఓషియన్ అనే ప్రాచీన అంధకవి గానం చేసినవంటూ జేమ్స్ మాక్‌ఫర్సన్ ప్రకటించిన కవితలు ఆ రోజుల్లో యూరప్ అంతటినీ ఊపేశాయి. అవి నిజంగా అంత పాతవేనా అన్న వివాదమూ అప్పుడే మొదలైంది. 1783లో ఈ మందిరాన్ని కొత్తగా అలంకరించి ఆ కవికి అంకితం చేయడంతో దీనికి ఓషియన్స్ హాల్ అన్న పేరు స్థిరపడింది. లోపలికి వచ్చిన అతిథికి మొదట కవి చిత్రపటం మాత్రమే కనిపించేది. ఆ పటం పక్కకు జరగగానే ఎదురుగా జలపాతం, గోడలకూ పైకప్పుకూ బిగించిన అద్దాల నిండా దూకుతున్న నీళ్లు ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యేవి. 1869లో దుండగులు పేలుడు పదార్థంతో దీన్ని ధ్వంసం చేశారు. తర్వాత బాగుచేశారు కనుక నేడు మనం లోపలికి వెళ్లి, నీటి మీదికి తెరుచుకునే ఆ వసారాలో నిలబడవచ్చు. ప్రస్తుతం ఈ స్థలం నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ సంరక్షణలో ఉంది.

అక్టోబరును ఎంచుకోవడానికి కారణం సాల్మన్ చేపలు. సముద్రంలో పెరిగిన ఈ చేపలు గుడ్లు పెట్టడానికి టే నదిలోకి, అక్కడి నుంచి బ్రాన్‌లోకి ఎదురీదుతూ వచ్చి, శరత్కాలంలో ఈ జలపాతం మీదికి దూకే ప్రయత్నం చేస్తాయి. కనిపిస్తాయని మాట ఇవ్వలేం. ఓపికగా నిలబడితే కనిపించే అవకాశం ఉంటుంది. వరద గోదావరిలో పులస ఎదురీదడం చూసిన పెద్దలు మన కుటుంబాల్లో ఉన్నారు. వాళ్లు జలపాతం దగ్గర నిలబడి ఆ కథ చెబితే, అంతకు మించిన పాఠం మేము చెప్పలేము. అందుకే తాతయ్యలను, అమ్మమ్మలను, నానమ్మలను తప్పకుండా వెంట తీసుకురమ్మని ప్రత్యేకంగా కోరుతున్నాను.

అయితే నా దృష్టిలో అసలు చూడవలసినవి చెట్లు. అథోల్ డ్యూకులు తరతరాలుగా కొండల మీద కోటికి పైగా లార్చ్ చెట్లు నాటించారు. మనుషులు ఎక్కలేని కొండచరియల మీదికి ఫిరంగితో విత్తనాలు పేల్చారని కూడా ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఈ దారిలో నిలిచిన డగ్లస్ ఫర్ చెట్లు బ్రిటన్‌లోనే అత్యంత ఎత్తైన వాటిలోకి వస్తాయి. మెడ నొప్పి పుట్టేలా పైకి చూసి వెళ్లిపోకుండా, బెరడులోని లోతైన పగుళ్లలో పిల్లలు వేలు పెట్టి చూడాలి. నేల మీద రాలిన కాయను చేతిలోకి తీసుకుంటే, ప్రతి పొలుసు కింది నుంచీ మూడు మొనలున్న చిన్న రెక్క బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. ఆ గుర్తును బట్టి ఈ చెట్టును ఎక్కడైనా పోల్చుకోవచ్చు. ఆకును నలిపి వాసన చూస్తే నిమ్మజాతి పండ్ల పరిమళం వస్తుంది.

ఇది ఉత్తర అమెరికా చెట్టు. దాన్ని శాస్త్రానికి పరిచయం చేసిన ఆర్చిబాల్డ్ మెంజీస్, 1827లో దాని విత్తనాలను బ్రిటన్‌కు చేర్చిన డేవిడ్ డగ్లస్, ఇద్దరూ పెర్త్‌షైర్‌లోనే పుట్టారు. మెంజీస్‌కు ఎడిన్‌బరోలో వృక్షశాస్త్రం నేర్పిన ఆచార్యుడు జాన్ హోప్. ఆయన దగ్గరే చదువుకున్న మరో స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, అక్కడి మొక్కలకు స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, ఊరివాళ్లు పిలిచే తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. 1793లో కలకత్తాలోని వృక్షశాస్త్ర తోటకు వెళ్లి, చివరికి 1815లో ఎడిన్‌బరోలోనే కన్నుమూశాడు. ఆయన సమాధి గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఉంది. పిల్లలకు ముందు ఆదివారం తరగతిలో ఈ సంగతులన్నీ వివరంగా చెబుతాం. రాక్స్‌బర్గ్ మన చెట్లను చూసినంత శ్రద్ధగా మన పిల్లలు ఇక్కడి చెట్లను చూసి, ఒక్కొక్కరు ఒక చెట్టు బొమ్మ వేసి, దాని గురించి నాలుగు మాటలు తెలుగులో రాసుకురావాలన్నది నా కోరిక.

ఇక ఏర్పాట్ల సంగతి. కార్ పార్క్ నుంచి రైలు వంతెన కిందుగా ఓషియన్స్ హాల్ దాకా దారి దాదాపు సమతలంగానే ఉంటుంది కనుక పసిపిల్లల బండ్లు కూడా వెళ్తాయి. ఆపైన ఓషియన్ గుహ వైపు మాత్రం వేర్లు, రాళ్లు ఎక్కువ. అక్కడికి పెద్ద పిల్లలనే తీసుకువెళ్తాం. జలపాతం దగ్గరి బండలు ఎప్పుడూ తడిగా, జారుడుగా ఉంటాయి. కాబట్టి ఎంత పెద్ద పిల్లలైనా కంచె దాటకూడదు. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. పాదం జారని బూట్లు, వాన కోటు, టిక్స్ అనే పిడుదులు కుట్టకుండా పొడవు ప్యాంటు అవసరం. ఎ9 రోడ్డు మీద వాహనాలు చాలా వేగంగా వస్తాయి, మలుపు దగ్గర జాగ్రత్త. కారు లేనివారు డన్‌కెల్డ్ అండ్ బర్నమ్ స్టేషన్‌లో రైలు దిగి, ఇన్వర్ పల్లె మీదుగా నడిచి రావచ్చు. ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ నివసించిన పల్లె అదే.

మధ్యాహ్న భోజనం అడవిలో కాకుండా డన్‌కెల్డ్‌లో, టే నది ఒడ్డున చేద్దాం. పులిహోర, పెరుగన్నం వంటివి ఇంటినుంచి తెచ్చుకోండి. కాగితపు పళ్లేలు, సంచులు, తొక్కలు అన్నీ తిరిగి మన కార్లలోనే ఇంటికి తీసుకుపోవాలి. కార్ పార్క్ రుసుము ఎవరిది వారే చెల్లించాలి. కారులో ఖాళీ సీట్లు ఉన్నవారు, సీటు కావలసినవారు ఈ నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు తెలియజేస్తే, ఏ కుటుంబమూ ప్రయాణం కుదరక ఆగిపోకుండా చూస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు