తొమ్మిదో తరగతి విమానం గురించి నాలుగు మాటలు

అమ్మానాన్నలందరికీ నమస్కారమండి,

యూనిట్ టెస్టుల టైంటేబుల్ వెనక పేజీలో వేయించాను, అది అక్కడ చూసుకోండి. ఇక్కడ మాత్రం మీ పిల్లలు ఈమధ్య చేతినిండా గ్లూ మరకలతో ఇంటికెందుకొస్తున్నారో చెప్తాను. తొమ్మిదో తరగతి వాళ్లు రిమోట్‌తో ఎగిరే విమానం కడుతున్నారు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి 120 సెంటీమీటర్లు, బరువు బ్యాటరీతో కలిపి 850 గ్రాముల దాకా వచ్చింది. బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేద్దామన్నారు మా సైన్స్ సార్, కానీ మన వైజాగ్ తేమకి పల్చటి చెక్క వంకర తిరిగిపోతుందని ఫోమ్ షీట్ తెప్పించాం. ఫెవిక్విక్ పెడితే ఆ ఫోమ్ కరిగిపోద్ది, అందుకే హాట్ గ్లూ, ఆ మరకలు అవేనండి, సబ్బుకి పోవు.

రెడీమేడ్‌ది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా మేడమ్, కొనిచ్చేస్తాం అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. దయచేసి కొనకండి. అతికించడం తొందరగానే అయిపోయింది, అసలు చదువంతా ఇప్పుడు దాన్ని సరిచేయడంలోనే ఉంది.

రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. ముందు అంచు నుంచి 5, 6 సెంటీమీటర్ల మధ్యలో కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం తిన్నగా నిలబడాలి. మనది తోక వైపు వాలిపోయింది, ఎందుకంటే తోక దగ్గర పిల్లలు గ్లూ ధారాళంగా పోశారు. ఆ చోటు నుంచి తోక 60 సెంటీమీటర్లు, ముక్కు 20, అంటే తోకలో 10 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 30 గ్రాములు పెట్టాలి, ఈ లెక్క ఒకమ్మాయి బోర్డు మీద తనే వేసి చూపించింది, నాకు భలే ముచ్చటేసింది. చివరికి బరువేమీ కలపకుండా బ్యాటరీనే ముందుకి జరిపారు.

ఇంకో గొడవ, ప్రొపెల్లర్ తిరిగే ఊపుకి విమానం ఎడమకి లాగేస్తుంది. అందుకని మోటారు వెనక వాషర్లు పెట్టి రెండు డిగ్రీలు కుడికి వంచారు. బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియం చూసే ఉంటారుగా, ఈసారి వెళ్తే ఒక్కో ఇంజిన్‌కి ఉన్న రెండు ప్రొపెల్లర్లు చూపించి ఎందుకని మీవాళ్లని అడగండి, అవి ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి కాబట్టి ఒకదాని మెలి ఇంకోటి కొట్టేస్తుంది.

ముందు మోటారు ఆపి గడ్డి మీద చేత్తో విసిరి చూస్తున్నారు. ముక్కు పైకెత్తి దబ్బున పడితే ఒక మార్పు, నేరుగా కిందికి దూకితే ఇంకో మార్పు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలని సార్ రూలు పెట్టారు, రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు కదా. పిల్లలకి ఇదే కష్టంగా ఉంది, అన్నీ ఒకేసారి తిప్పేయాలని చేతులు దురద.

స్కూల్ గ్రౌండ్‌లో ఎందుకు ఎగరేయరని అడుగుతున్నారు. ఊళ్లోనే నేవీ వాళ్ల విమానాల స్థావరం ఐఎన్ఎస్ డేగ ఉందని మీకు తెలుసు, అందుకే, ఊళ్లో ఇలాంటివి ఎగరేయడానికి లేదు. ఆర్కే బీచ్ అసలే వద్దు, పైగా ఇసక, ఉప్పుగాలి మోటారుని తినేస్తాయి. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు చూసుకుని, పోలీస్ స్టేషన్‌లో చెప్పి, చోడవరం వైపు ఒక ఖాళీ పొలానికి ఆదివారం తెల్లారే వెళ్తాం. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఒప్పుకుంటారు, మనం 100 కూడా దాటం. పొద్దెక్కితే సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం బస్సు ఆగదండి. టోపీ, నీళ్ల బాటిల్, టిఫిన్ పంపండి.

బ్యాటరీలు మాత్రం ఎవరింటికీ పంపం, ఎంత బతిమాలినా సరే. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బితే గానీ, ఎక్కువ చార్జ్ అయితే గానీ మంటలంటుకుంటుంది, బ్యాటరీలో ఒక్కో సెల్‌కి 4.2 వోల్టులు దాటకూడదు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. చార్జింగ్ ల్యాబ్‌లోనే, సార్ పక్కనుండగానే. సంతకం చేసిన అనుమతి చీటీ గురువారం లోపు క్లాస్ టీచర్‌కి ఇవ్వండి, చీటీ లేకపోతే బస్సెక్కనివ్వను.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్