మా వీధి మలుపులోని పోస్టు డబ్బా

తపాలా శాఖ అధికారి గారికి,

నమస్కారం. ఈ డబ్బాను తీసేస్తారని విన్నాను. ఉత్తరాలు పడటం లేదన్నది నిజమే. నేనే రాసి ఏళ్లయింది, ఎవరిని తప్పుపట్టను?

చిన్నప్పుడు దాని మూతి అందక నాన్న ఎత్తుకునేవారు. కవరు అడుగున పడ్డ చప్పుడు వినేదాకా దిగేదాన్ని కాదు. అమ్మ ఉత్తరాల్లో చోటు చాలక చివరి మాటలు అంచుల వెంబడి పాకేవి. కాగితం తిప్పుకుంటూ చదవాలి. అసలు సంగతులన్నీ అక్కడే ఉండేవి. ఫోనులో అమ్మ గొంతు రోజూ వింటున్నాను, ఆ అంచులు మాత్రం లేవు.

1624లో మొదలైన డెన్మార్క్ ప్రభుత్వ తపాలాయే 2025 చివరితో ఉత్తరాల బట్వాడా మానేసింది. మీ లెక్కను కాదనను. తీసేముందు వారం గడువిస్తూ డబ్బాకు నోటీసు అంటించండి. అమ్మకు ఒకటి రాయాలి.

ఇట్లు,
ఆ వీధి నివాసి