రుచితో పాటు పుట్టుక కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ వంటల పేజీ వదలకుండా చదువుతాను. అరుదైన రుచుల గురించి ఊరించేలా రాస్తారు కానీ, అవి ఎలా తయారవుతాయో చెప్పరు.

తేనె సంగతే చూడండి. తేనెటీగలు మకరందాన్ని పొట్టలోని ప్రత్యేక సంచిలో మోసుకొచ్చి, ఒకదాని నోటి నుంచి ఇంకోదాని నోటికి అందించుకుంటాయి. ఆపైన గదుల్లో నింపి, చిక్కబడేదాకా రెక్కలతో విసురుతూనే ఉంటాయి. ఇది విని మా అమ్మాయి ‘ఛీ’ అంది. నాకైతే చెంచాకు అంటిన బొట్టు కూడా వదలబుద్ధి కావడం లేదు. గ్రాము కుంకుమపువ్వుకు సుమారు 150 పూలు కావాలని తెలిశాక దానిమీదా గౌరవం పెరిగింది.

పునుగుపిల్లి కాఫీ మాత్రం వేరు. ఇండొనేషియాలో ఆ జంతువు తిన్న కాఫీ పళ్ల గింజల్ని దాని పెంటలోంచి ఏరతారన్నది నాకు పెద్ద ఇబ్బంది కాదు, కడిగి వేయిస్తారు కదా. కానీ రాత్రిళ్లు అడవిలో తిరిగే జీవాన్ని పట్టి, ఇరుకు బోనులో పెట్టి, కాఫీ పళ్లే ఎక్కువగా మేపే చోట్లు ఉన్నాయని తెలిశాక ఆ కప్పు మీద మనసు విరిగిపోయింది. అసహ్యమైతే నాలుగు రోజుల్లో పోయేది. ఇది పోవడం లేదు.

దయచేసి ఇలాంటి పదార్థం గురించి రాసినప్పుడల్లా అది ఏ జీవి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో నాలుగు వాక్యాలు చేర్చండి. తినాలో వద్దో మేం తేల్చుకుంటాం.

– ఒక పాఠకురాలు