భోగి పొద్దున్న ఉప్పాడ రైడ్ లేదండి, ఎందుకు లేదో నేనే చెప్తాను

అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి ఊరొస్తున్నాం, భోగి పొద్దున్న ఉప్పాడ రైడ్‌కి మా నలుగురికీ సైకిళ్ళు ఉంచండి అని నెల్లాళ్ళ నుంచి మెసేజ్‌లు పెడుతున్నారు కదా, అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నాను, విడివిడిగా చెప్తే ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకోలా చెప్పేస్తానేమోనని నాకే భయం. ఈ సంక్రాంతికి కాకినాడ నుంచి ఉప్పాడకి సముద్రం ఒడ్డు రోడ్డు మీద వెళ్ళే మన సైకిలు రైడ్ లేదండి. భోగికీ లేదు, కనుమకీ లేదు. వాకలపూడి లైట్‌హౌస్ దాటి మా అద్దె సైకిళ్ళ షాపు సైకిలు ఒక్కటి కూడా ఇప్పట్లో వెళ్ళదు. భోగికి, కనుమకి కలిపి అడ్వాన్సు కట్టిన 24 మందికీ నిన్న రాత్రే డబ్బులు వెనక్కి వేసేశాను, ఎవరికైనా పడకపోతే ఒక్క ఫోన్ కొట్టండి.

ఇక జరిగిందేంటంటే. మార్గశిర పౌర్ణమి నాడు పొద్దున్నే 14 మందిమి వెళ్ళాం, ఒక పక్క చంద్రుడు దిగుతుంటే ఇంకో పక్క సూర్యుడు లేస్తాడు, రెండూ ఒకే రోడ్డు మీద నుంచి కనిపిస్తాయి, ఆ ఫోటో కోసం సెలవు పెట్టుకుని మరీ వచ్చినవాళ్ళున్నారు. వెళ్ళేటప్పుడు అంతా బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు, రాళ్ళు పోసి రోడ్డు సన్నబడిపోయిన చోట, ఏడో తరగతి చదివే ఒక బాబు సైకిలుకి వెనక చక్రంలో టింగ్‌మని స్పోకు తెగింది, అది తెగాక పక్కది, దాని పక్కది, చక్రం వంకర తిరిగి బ్రేకు దగ్గర పట్టేసింది, బాబు రాళ్ళ వైపు పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, గడ్డం కింద రెండు కుట్లు పడ్డాయి. ఇప్పుడు బాగున్నాడు, పరీక్షలు కూడా రాసేశాడు. మన గ్రూపులో ఒకాయన పిల్లాడు స్పీడుగా తొక్కి పడ్డాడట అని పెట్టారు, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి సార్. వాడి వెనకాలే నేనున్నాను. నడిచే మనిషి కంటే కాస్త ముందు, అంతే స్పీడు.

ఇప్పుడు స్పోకుల సంగతి, మా నాన్నగారి భాషలో చెప్పాలంటే పుల్లల సంగతి. ఇది కొంచెం పొడుగవుద్ది, ఓపిక లేనివాళ్ళు కిందకెళ్ళిపోండి, ఏమీ అనుకోను.

చక్రానికి 36, సైకిలుకి 72, మనవి 12 సైకిళ్ళు, అంటే 864 పుల్లలు. సముద్రపు గాలిలో తిరిగే సైకిలుకి ఫ్రేము సంగతి తర్వాత, ముందు పోయేవి ఇవే. ఉప్పు తేమ పుల్ల వంపు దగ్గర, చక్రం మధ్యనుండే హబ్బు కన్నంలో దూరే చోట నిలిచిపోద్ది, మీరు బట్టతో ఎంత తుడవండి అక్కడికి బట్ట చేరదు. అందుకే ప్రతి రైడ్ అయ్యాక మంచినీళ్ళ బకెట్టు పెట్టుకుని కడుగుతాను, మీలో చాలామంది చూశారు, నవ్వారు కూడా. ఆషాఢంలో గిరాకీ లేని టైములో మొత్తం 864 కొత్తవి వేయించాను. ఎనిమిదేళ్ళుగా నాకు సరుకిచ్చే డీలరే, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చి భోంచేసి వెళ్ళిన మనిషి, ఆయనకి నేను ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను, జింకు పూతవి వద్దు నికిల్ పూతవి వద్దు, స్టెయిన్‌లెస్సే కావాలి, రేటు ఎక్కువైనా పర్లేదు అని. వచ్చాయి. తళతళా మెరుస్తున్నాయి. రేటు కూడా స్టెయిన్‌లెస్ రేటే వేశాడు, అది మాత్రం కరెక్టుగా వేశాడు.

బాబు పడ్డ రోజు సాయంత్రం తెగిన ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నాను. తెగిన చివర భూతద్దంలో చూస్తే మూడొంతుల్లో రెండొంతులు గోధుమ రంగు, ఒక్క వంతు మాత్రం కొత్త వెండిలా మెరుస్తోంది. అంటే ఆ రోజు తెగింది ఆ ఒక్క వంతేనండి, మిగతాది ఎన్నాళ్ళ నుంచో లోపల్లోపల తెగుతూనే ఉంది, పైకి మెరుస్తూనే ఉంది. అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీదున్న అన్నవరం సత్యదేవుడి అయస్కాంతం బొమ్మ పీకి తెచ్చాను. పుల్లకి దగ్గర పెట్టానో లేదో టక్కున అతుక్కుంది, పుల్ల పైకెత్తితే స్వామివారు కూడా దాంతోపాటే లేచారు. నా సొంత సైకిలుకి పాత స్టెయిన్‌లెస్ పుల్లలున్నాయి, ఆరేళ్ళవి, వాటికి పెడితే ఏదో మొహమాటానికి కొంచెం లాగి జారిపోయింది. స్టెయిన్‌లెస్ తీగని లాగి పుల్ల చేసినప్పుడు కాస్త అయస్కాంత గుణం వస్తుంది, అది నాకు తెలుసు, తెలీకుండా మాట్లాడట్లేదు. కానీ ఇది ఆ పట్టు కాదు, ఇది మామూలు ఇనుము పట్టు. అర్ధరాత్రి దాకా కూర్చుని 24 చక్రాలకీ పెట్టి చూశాను. అన్నీ అంతే.

పొద్దున్నే డీలరుకి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా, సముద్రం పక్కన ఎవరి సరుకైనా తుప్పు పడుతుందండీ అన్నాడు. బిల్లు చూసుకోండి అన్నాడు. చూశాను. ఎస్.ఎస్. ఫినిష్ అని ఉంది, ఎస్.ఎస్. అంటే స్టెయిన్‌లెస్ స్టీలు. ఫినిష్ అంటే మెరుపండి, లోహం కాదండి, మీరు గమనించలేదా అంటున్నాడు, ఎనిమిదేళ్ళలో నేను ఆయన బిల్లు ఎప్పుడైనా చదివానాండీ? సరే పాత పరిచయం కదా సగం డబ్బులు తిరిగిస్తాలెండి అన్నాడు. వద్దన్నాను. మా ఆవిడ తీసుకోమంది, మా మెకానిక్ బాబాయి కూడా తీసుకోమన్నాడు, ఈ సీజన్లో ఆ సగం కూడా ఎక్కువేనని నాకూ తెలుసు, కానీ ఆ సగం తీసుకుంటే మిగతా సగం తప్పు నాదని ఒప్పుకున్నట్టే కదా. పేరు ఎందుకు బయటపెట్టట్లేదని అడుగుతున్నారు కొందరు. మా ఇంట్లో భోంచేశాడు, పెట్టను. అంతే.

ఇది రాశాక రెండు రోజులు ఆపేశాను, ఎందుకంటే ఇక్కడితో ఆపితే మొత్తం డీలరు మీదకి తోసేసినట్టుంది, చదివితే నాకే అలా అనిపించింది.

మా నాన్నగారిది గంటకి అర్ధరూపాయి అద్దె సైకిళ్ళ షాపు, మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబర్లు, కాకినాడ పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆయన సైకిలు బయటికిచ్చే ముందు చక్రం పైకెత్తి పుల్లల్ని వేలితో మీటుకుంటూ వెళ్ళేవారు, వీణలాగ. బాగున్న పుల్ల మోగుద్ది, లూజయింది మొద్దుగా పలుకుద్ది, ఆ చప్పుడు తేడా వస్తే ఆ సైకిలు ఆ రోజు గోడకే. నేనూ అలాగే చేస్తానని మీ అందరికీ గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ పౌర్ణమి రోజు మీటలేదండి. నాలుగింటికి లేచాం, చలి, చీకటి, చంద్రుడు దిగిపోతాడేమోనని తొందర, గాలి మాత్రం చూసి పంపించేశాను. మీటితే తెలిసేదా అంటే చెప్పలేను. మీటలేదన్నది మాత్రం నిజం.

రెండోది రోడ్డు. ఉప్పాడ తీరం సముద్రం కోసేస్తోందని ఇక్కడ చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకి అడ్డు గోడలాగ ఉండి మనల్ని కాపాడుతుంది, దాని నీడ దాటాక ఆ అలల దెబ్బంతా ఉప్పాడ వైపు తీరం తింటుంది, పైగా పైన డ్యాములు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రూ ఇసకా తగ్గిపోయింది, పోయిన ఇసక పోయినట్టే తప్ప తిరిగి చేరట్లేదు. జియోట్యూబులని పెద్ద పెద్ద ఇసక సంచుల గోడ కట్టారు, అదీ చిరిగిపోయింది. తుఫాను వచ్చినప్పుడల్లా తారు కోసుకుపోవడం, మళ్ళీ రాళ్ళు పొయ్యడం, పోటు మీదున్నప్పుడు అల రాళ్ళకి కొట్టుకుని రోడ్డు మీద పడటం, ఒక్కోసారి రాయే రోడ్డు మీదకి రావడం. ఇవన్నీ తెలిసిన మనిషినే నేను. పున్నమికి, అమావాస్యకి పోటు ఎక్కువని కూడా తెలుసు. తెలిసీ మంచి ఫోటో పడుతుందని పున్నమి రోజే పెట్టాను, తిరిగొచ్చే టైముకి పోటు మీదుంది. బాబు పడ్డ చోట రాళ్ళ మీద నీళ్ళు పాకుతున్నాయి. వాణ్ణి లేపుతుంటే ఉప్పాడ మత్స్యకారుడొకాయన, వల భుజాన వేసుకుని వెళ్తున్నవాడు ఆగి, పున్నమి పోటుకి పడవ తియ్యాలంటే మేవే ఆలోచిత్తాం, నువ్వు పిల్లల్ని తోలుకొస్తావేటి బావూ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ప్రతి ఏడూ ఒక వరస ఇళ్ళు సముద్రంలో కలిసిపోతుంటే చూసినవాడు. నేను బదులు చెప్పలేదు, బాబుకి రక్తం తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

సీజన్ ఆపాలా వద్దా అన్నది పది రోజులు నలిగాను. మీకు లెక్క చెప్పడానికి సిగ్గేం లేదు, మా షాపుకి ఏడాది సంపాదనలో సగం డిసెంబరు, జనవరిలోనే. పుల్లలు మార్చేసి ఏమీ జరగనట్టు వెళ్ళిపోవచ్చు, రోడ్డు గవర్నమెంటుది, సముద్రం దేవుడిది, నన్నెవరూ అడగరు. బీచ్‌లో ఇసక మీద తిరిగే బళ్ళు పెట్టుకోరాదూ అని ఒకరు, సైకిళ్ళు మానేసి ఎలక్ట్రిక్ స్కూటర్లు అద్దెకివ్వు అని ఇంకొకరు సలహా. ఇవ్వను. ఆ కుయ్‌కుయ్ చప్పుడేస్కుని ఆ తీరం వెంబడి తిరగడం నా వల్ల కాదు, షాపు మూసుకుంటాను గానీ.

ఇప్పుడున్నదేంటో చెప్తాను. లూధియానా నుంచి పుల్లలు తెప్పించాను, ఈసారి సరుకు రాగానే కవరు విప్పకముందే స్వామివారి బొమ్మ పెట్టి చూశాను, జారిపోయింది. బాబాయి ఒక్కడే చక్రాలు అల్లాలి, తొందర పెట్టనని మాటిచ్చాను, సంక్రాంతికి ఆరు సైకిళ్ళు మాత్రమే అవుతాయి. వాటితో ద్రాక్షారామం నుంచి కోటిపల్లి దాకా రైడ్ పెడుతున్నాను. సైకిళ్ళు ట్రక్కు ఆటోలో ద్రాక్షారామం చేరతాయి, భీమేశ్వరుడి గుడి దగ్గర మొదలు, కాలవ గట్లు, వరి చేలు, కొబ్బరి తోటలు, కోటిపల్లి రేవులో గౌతమి ఒడ్డున ఇడ్లీ తిని, ఓపికున్నవాళ్ళు సైకిలుతో సహా పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి ముక్తేశ్వరం వెళ్ళి రావచ్చు. సముద్రం కనపడదు, ముందే చెప్తున్నాను, మళ్ళీ అక్కడికొచ్చి అలలేవీ అనకండి. సొంత సైకిలున్నవాళ్ళు కూడా రావచ్చు, కానీ చక్రం నేను మీటాకే. లైట్‌హౌస్ దాకా చిన్న రైడ్ మామూలుగానే ఉంటుంది, ఆ ఆరు సైకిళ్ళు ఖాళీగా ఉన్న రోజు.

ఉప్పాడ మళ్ళీ ఎప్పుడంటే, శివరాత్రి దాటాక, రోడ్డు నేనే ముందు నాలుగుసార్లు తొక్కి చూసి. పున్నమికి, అమావాస్యకి రెండు రోజులు అటూ ఇటూ ఎవరడిగినా పెట్టను. హైదరాబాద్ ఇన్‌కాయిస్, అంటే సముద్రం సంగతులు చెప్పే కేంద్ర సంస్థ, వాళ్ళు అలల హెచ్చరిక ఇస్తే ఆ రోజు లేదు, ముందు రాత్రి పదింటికైనా క్యాన్సిల్ చేస్తాను, తిట్టుకోండి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఆ రోడ్డు లేదు. జాందానీ మగ్గం చూడ్డానికి నేతగాళ్ళ ఇంటి దగ్గర ఆగేవాళ్ళం కదా, చీర తిరగేసి చూసినా బుటా ఇటూ అటూ ఒకేలా ఉంటుందని మీరు ఆశ్చర్యపోయేవాళ్ళు, ఆ ఇంటివాళ్ళు కూడా మీరంతా ఎప్పుడొస్తారని అడుగుతున్నారు. మరీ బెంగ పెట్టుకోకండి. కాకినాడ కోటిపల్లి రైలు పట్టాలు 1940లో యుద్ధం కోసం పీక్కెళ్ళిపోతే 2004లో తిరిగొచ్చాయి, మన రైడ్ అంత లేటవదు లెండి.

బాబు మొన్న వాళ్ళ నాన్నగారితో షాపుకొచ్చాడు. వాళ్ళ నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. వాడు మాత్రం తెగిన పుల్ల ఒకటి ఇవ్వండి అంకుల్, స్కూల్లో చూపిస్తాను అన్నాడు. ఇచ్చాను. అయస్కాంతం ఎలా పట్టుద్దో కూడా చూపించాను, నాకంటే ఎక్కువసేపు ఆడాడు దాంతో.

డీలరుగారూ, ఇది ఎవరో ఒకరు మీకు పంపిస్తారని తెలుసు. పుల్లలన్నీ విప్పించి గోనెసంచిలో కట్టి షాపు గుమ్మంలో పెట్టాను, 863 ఉన్నాయి, ఒకటి బాబు దగ్గరుంది. ఎప్పుడొచ్చినా పట్టుకెళ్ళండి, డబ్బులు అక్కర్లేదు. స్వామివారి బొమ్మ మాత్రం అడగొద్దు, అది మా ఆవిడది.