పాత సినిమా హాళ్ల ఫైళ్లనైనా కాపాడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా పేటలో చాలాకాలంగా మూతబడి ఉన్న ఒక సినిమా హాలు చుట్టూ ఈమధ్య రేకులు కట్టి, లోపల పడగొట్టడం మొదలుపెట్టారు. అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ వస్తుందట. స్థలం ఆ యజమానిది. నష్టాలు వస్తున్నా హాలు నడపాల్సిందేనని ఆయనతో అనే హక్కు ఎవరికీ లేదు. నా బాధల్లా ఒక్కటే. పడగొట్టే ముందు ఆ హాలుకి ఎవరూ ఒక్క ఫొటో తీయలేదు. ప్లాను ఎక్కడుందని అడిగిన అధికారి లేడు. రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఇదే జరుగుతోంది కాబట్టి మీ పత్రిక ద్వారా ప్రభుత్వాలకు ఈ విన్నపం చేస్తున్నాను.

తెలుగు సినిమాకు పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే. అంతకుముందు ఆయన బొమ్మతో పాటు శబ్దమూ వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, డేరాలు వేసి ఊళ్లు తిరిగారు, బర్మా, సిలోన్‌ల దాకా వెళ్లి బొమ్మ చూపించారు. గెయిటీ తర్వాత క్రౌన్, గ్లోబ్ కూడా కట్టారు. ఆయన పేరు మీద అవార్డు ఇస్తున్నాం, బాగానే ఉంది. కానీ గెయిటీ ఇప్పుడు లేదు. దానికంటే ఒక ఏడాది ముందు, 1913లో, వార్విక్ మేజర్ అనే తెల్లదొర మౌంట్ రోడ్డులో కట్టిన ఎలక్ట్రిక్ థియేటర్ మాత్రం నేటికీ నిలిచి ఉంది. అందులో సినిమాలు ఆడింది కొద్దికాలమే. ఆ తర్వాత తపాలా శాఖ కొనుక్కుంది. ఇప్పుడు అక్కడ తపాలా బిళ్లలు సేకరించేవాళ్ల కోసం బ్యూరో నడుస్తోంది. ఏదో ఒక ప్రభుత్వ శాఖ వాడుకుంటోంది కాబట్టే ఆ కట్టడం బతికింది. మన వెంకయ్య గారి హాలుకి ఆ పాటి ఆసరా కూడా దొరకలేదు.

మా విజయవాడ సంగతే చూడండి. 1921లో ఇక్కడ కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా అందించారు. దానితో ముడిపడిన విక్టోరియా జూబ్లీ భవనాన్ని ఇవాళ బాపు మ్యూజియంగా జాగ్రత్తగా చూసుకుంటున్నాం. సరిగ్గా అదే ఏడాది పోతిన శ్రీనివాసరావు గారు ఇదే ఊళ్లో మారుతీ సినిమా హాలు తెరిచారు. ఆంధ్ర ప్రాంతంలో మొట్టమొదటి సినిమా హాలుగా చరిత్ర రాసినవాళ్లు దాన్నే చెబుతారు. ఒకే ఊరు, ఒకే ఏడాది. జెండా కథ బడిపిల్లలందరికీ వచ్చు. మారుతీ పేరు మాత్రం డెబ్బై దాటిన పెద్దవాళ్లను అడిగితే గానీ తెలియదు. అక్కడ ఫలానా హాలు ఉండేదని చెప్పే పలక ఒక్కటీ నా కంట పడలేదు. సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులతో గాంధీనగర్‌ను నింపిన ఊరికి ఇది తగునా?

హాలు పోయినా పేరు పోదు, అది మన జనం చేసే మేలు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ అంటే ఇప్పుడు అందరికీ బిర్యానీయే. ఆ హోటల్ 1953లో ప్యారడైజ్ సినిమా హాలులో చిన్న క్యాంటీన్‌గా మొదలైంది. హాలు పోయింది గానీ బస్సు కండక్టర్లు నేటికీ ప్యారడైజ్ అనే అరుస్తారు. సంగీత్ కూడా అంతే. తిరుపతిలో లీలామహల్ సర్కిల్, గుంటూరులో నాజ్ సెంటర్, మా ఊళ్లో అలంకార్ సెంటర్, అన్నీ హాళ్ల వల్ల వచ్చిన పేర్లే. విశాఖలో జగదాంబ పేరు చెప్పకుండా ఎవరికైనా దారి చెప్పగలరా?

నేను ఇంత పట్టుదలగా రాయడానికి కారణం మా పెదనాన్న. ఆయన సినిమా హాలులో ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్‌గా పనిచేశారు. హాలు అంటే తెర, కుర్చీలు అనుకుంటాం గానీ, దాని ప్రాణమంతా వెనక ఉన్న క్యాబిన్‌లోనే ఉండేది. రెండు మిషన్లు పక్కపక్కనే. ఒకదాని మీద రీలు నడుస్తుంటే రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా పెట్టుకోవాలి. బొమ్మకి పైన మూలన చిన్న చుక్క మెరుస్తుంది. అది కనపడగానే ఇది ఆపి అది అందుకోవాలి. ఒక్క క్షణం తేడా వచ్చిందా, తెర తెల్లబోయేది, నేల నుంచి ఈలలు మొదలయ్యేవి. వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మండించేవాళ్లు. అవి కాలేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే బొమ్మ పచ్చబడుతుంది. ఎండాకాలం మ్యాట్నీలో ఆ గదిలో నిలబడటం ఎంత కష్టమో ఆయన బనీను చూస్తే తెలిసేది. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకున్న రోజుల్లో ఇక్కడ అయిపోయిన రీలును కుర్రాడు సైకిలు మీద అక్కడికి చేరవేసేవాడు. ఈ పనితనం గురించి ఎక్కడ రాసి పెట్టుకున్నాం? డిజిటల్ వచ్చాక ఆ మిషన్లను చాలాచోట్ల పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు.

అయితే కాగితాలు ఇంకా పూర్తిగా పోలేదు. నా ఆశ అంతా అక్కడే ఉంది. పాతరోజుల ఫిల్ము ఇట్టే అంటుకునే రకం కావడంతో బ్రిటిష్ వాళ్లు 1918లోనే చట్టం తెచ్చి లైసెన్సు తప్పనిసరి చేశారు. తర్వాత మనకు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం వచ్చింది. దాంతో ప్రతి హాలుకీ ఒక ఫైలు తయారైంది. కట్టడం ప్లాను, క్యాబిన్ కొలతలు, నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఎన్నెన్ని, ఆడవాళ్లకు వేరే దారి ఉందా, ఇంజనీరు సర్టిఫికెట్, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్, చేతులు మారినప్పుడల్లా యజమాని పేరు, ఇవన్నీ దానికి చేరేవి. చాలా జిల్లాల్లో జాయింట్ కలెక్టర్ ఆఫీసులోను, హైదరాబాద్ లాంటి చోట పోలీసు కమిషనర్ ఆఫీసులోను ఉండే ఆ ఫైలే ఆ హాలు జాతకం.

టూరింగ్ టాకీసుల విషయంలో ఇది మరీ ముఖ్యం. అవి డేరాలు. గడువు తీరగానే విప్పుకుని వెళ్లిపోయేవి. ఆట మొదలవబోతోందని ఘంటసాల గొంతులో వేంకటేశ్వరుడి పాట మైకులో వినిపిస్తే పొలాల్లోంచి జనం పరుగున వచ్చిన ఊళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. ఆ డేరా వేసిన చోట ఇవాళ చూడటానికి గోడ కూడా ఉండదు. మిగిలి ఉంటే గింటే ఆఫీసు కాగితమే మిగిలి ఉండాలి.

వినోదపు పన్ను లెక్కలు, హాళ్లలో రాసిన రోజువారీ కలెక్షన్ల పుస్తకాలు కూడా ఇలాంటివే. డీసీఆర్ అనేవాళ్లు వాటిని. ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయో వాటిలో ఆటవారీగా ఉంటుంది. ఏ ఊరి జనం దేన్ని నెత్తిన పెట్టుకున్నారో, ఏ సినిమా రీళ్ల బాక్సు వారానికే తిరిగి వెళ్లిపోయిందో అభిమానుల గొప్పల కంటే ఆ పుస్తకం నిజంగా చెబుతుంది. 2017లో వినోదపు పన్ను జీఎస్టీలో కలిసిపోయాక ఆ పాత రికార్డులతో ఎవరికీ పని లేకుండా పోయింది. జిల్లాల విభజన, ఆఫీసుల మార్పుల గందరగోళంలో పాత కాగితాలకు పట్టే గతి మనకు తెలియనిది కాదు.

పురావస్తు శాఖను ఆశ్రయిద్దామంటే, 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం కట్టడానికి కనీసం వందేళ్లు నిండాలి. మన హాళ్లలో ఎక్కువ భాగానికి ఇంకా అంత వయసు లేదు. వందేళ్లు నిండేదాకా వాటిని ఎవరు ఉంచుతారు?

అందుకే నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రద్దయిన సినిమా లైసెన్సుల ఫైళ్లను చెత్తలో వేయకుండా జిల్లాల నుంచి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. సినిమా హాలు కూల్చడానికి అనుమతి ఇచ్చేటప్పుడు ముందుగా లోపలా బయటా ఫొటోలు, కొలతలు తీయించాలని మున్సిపాలిటీలు ఒక షరతు పెట్టాలి. అక్కడ కట్టే కొత్త భవనం గోడ మీద పాత హాలు పేరు, అది నడిచిన సంవత్సరాలతో ఒక పలక పెట్టమంటే కాదనే యజమాని ఉండడని నా నమ్మకం. పాత మిషన్ ఎక్కడైనా మిగిలి ఉంటే జిల్లాకు ఒక్కటైనా మ్యూజియంలో పెట్టవచ్చు. ఆపరేటర్లు, గేట్ కీపర్లు, బుకింగ్ క్లర్కులు, ప్రింటు వెంట ఊరూరా తిరిగిన రిప్రజెంటేటివ్‌లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేసే పని మన యూనివర్సిటీల జర్నలిజం, చరిత్ర విభాగాలు ఈ విద్యా సంవత్సరంలోనే విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు.

మా పేటలో రేకుల వెనక ముందు గోడ, టికెట్ కిటికీలు ఇంకా ఉన్నాయి. కార్పొరేషన్ వాళ్లు ఈ వారంలో ఒక ఫొటోగ్రాఫర్‌ను పంపినా ఆలస్యం కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ.